బుల్లోడి పెళ్లిచూపులు: ముసలెద్దుకి చోటు వెతుకుతూ టెక్కలి నుంచి ఉద్దానం తీరం దాకా

సినిమా కోసం బడి ఎగ్గొట్టిన వాళ్లని చూశాను. పేకాట కోసం పెళ్లి ఎగ్గొట్టిన వాడినీ చూశాను, వాడు పెళ్లికొడుకే. కానీ ఎద్దుకి గడ్డి వెయ్యడం కోసం డయాలసిస్ ఎగ్గొట్టిన మనిషిని మాత్రం మొన్ననే చూశాను. ఆయన మా బావ గున్నయ్య, నా చెల్లెలు పారమ్మ మొగుడు. వాళ్లది సోంపేట దగ్గర జలంత్రకోట. కొబ్బరీ జీడీ పండించుకునే కుటుంబం. ఉద్దానంలో చాలామందికి జరిగినట్టే బావకీ కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి వెళ్లి మిషను పక్కన పడుకోవాలి. అలాంటి మనిషి ఒక రోజు వెళ్లడం మానేశాడు. మర్నాటికి ఒళ్లంతా నీరుపట్టి, ఆయాసం వచ్చి, మోసుకెళ్లినంత పనయింది. ఇంకోసారి ఇలా మానేస్తే మా చేతిలో ఏమీ ఉండదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. మీ ఇంట్లో కూడా ముసలి పశువు ఉండి, దాన్ని ఎక్కడ ఉంచాలో తెలియక తిరుగుతుంటే మా తిరుగుడు మీకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి వరకే. తప్పులుంటే మా మాస్టార్ని తిట్టుకోండి.

బావకి రెండెడ్లు ఉండేవి, పెద్దోడూ బుల్లోడూ. పేరుకే బుల్లోడు గానీ, పక్కన నిలబడితే దాని మూపురం నా గడ్డానికి తగులుతుంది. కాడికి కుడివైపు కట్టే ఎద్దుని మావైపు ఎలపట అంటారు, ఎడంవైపు కట్టేదాన్ని దాపట అంటారు. పెద్దోడు ఎప్పుడూ ఎలపట, బుల్లోడు ఎప్పుడూ దాపట. నాగలికైనా బండికైనా, చివరికి పశువుల సాలలో కట్టేసినా అదే వరస. ట్రాక్టర్లు వచ్చాక ఇద్దరికీ పని పోయింది గానీ తిండి పోలేదు. మా బావ అలాంటివాడు. పోయిన వానాకాలంలో పెద్దోడు చచ్చిపోయాడు. అప్పట్నుంచి బుల్లోడు ఒక్కడూ ఉంటే గడ్డి ముట్టడు. బావ వచ్చి పక్కన కూర్చుంటే తింటాడు, లేచిపోతే మానేస్తాడు. "నాను నేకపోతే ఆడు తినడు" అని బావ ఊళ్లో అందరికీ చెప్పుకునేవాడు, కొడుకు కలెక్టరైనట్టు. ఆసుపత్రికి వెళ్లిన రోజల్లా పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎద్దుకి ఉపవాసమే. డొక్కలు పీక్కుపోతుంటే చూడలేక ఆ రోజు బావ ఇంట్లో ఉండిపోయాడు.

ఇక ఊరినుంచి తిరగడం కుదరదని పారమ్మ కాశీబుగ్గలో ఆసుపత్రికి దగ్గరగా ఒక గది అద్దెకి మాట్లాడింది. మేడమీద గది. ఎద్దు మెట్లెక్కదు. ఎక్కినా ఇంటి ఓనరు ఒప్పుకోడు. కొనేవాళ్లు వచ్చారు గానీ, ఆ వయసు ఎద్దుని కొనేవాళ్లు ఎందుకు కొంటారో బావకి తెలుసు. వాళ్లని గుమ్మం దాటనివ్వలేదు. మిగిలింది ముసలి పశువుల్ని ఉంచుకునే చోటు చూడటమే. ఆ మాటెత్తితే బావ గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. పారమ్మ నాకు ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వొకసారి రా. నా మాట ఇనడు."

"నా మాట ఇంటాడేటి?"

"ఇనడు. కానీ నువ్వొత్తే నవ్వుతాడు. నవ్వుతున్నప్పుడు నాను అడుగుతాను."

మా నిమ్మాడ నుంచి మధ్యాహ్నం బయల్దేరి, హైవే మీద ఇచ్ఛాపురం బస్సెక్కి, కంచిలి దగ్గర దిగి, సోంపేట మీదుగా ఆటోలు మారుతూ దీపాలవేళకి జలంత్రకోట చేరాను. బావ సాలలో బస్తా పరుచుకుని బుల్లోడి పక్కన కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. నేను మొహం తిప్పుకుని ఎద్దుతో మాట్లాడాను. "ఏరా బుల్లోడా, ఈ ముసిలాణ్ని బాగానే మేపుతున్నావా?" బావ నవ్వాడు. పారమ్మ నాకేసి చూసింది. ఇదే అదను అనుకుని, రేపు ఆసుపత్రి అయ్యాక, ఎల్లుండి మనిద్దరం వెళ్లి పారమ్మ కనుక్కున్న రెండు చోట్లు చూసొద్దాం అన్నాను.

"మనం సూసొచ్చి ఏటి సేత్తాం? ఉండబోయేది నువ్వా, నానా? ఆడు సూడాలి" అన్నాడు బావ.

వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. కాదు. అలా పెళ్లిచూపులకి పెళ్లికొడుకుని కూడా వెంటేసుకుని బయల్దేరాం.

పశువుని బండిలో తీసుకెళ్లాలనుకునేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. సోంపేటలో రమేష్ అనే కుర్రాడిది ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. రోజంతటికీ మూడువేల ఐదొందలు, భోజనం మనది. ముందురోజే పశువుల డాక్టరు దగ్గర, ఈ ఎద్దు ప్రయాణానికి పనికొస్తుందని కాగితం రాయించుకున్నాం. ట్రాలీలో ఇసక పోసి దానిమీద ఎండుగడ్డి పరిచాం, కాలు జారకుండా. పైన ఎండ పడకుండా కొబ్బరాకుల తడిక కట్టాం. ఎక్కించడానికి పలకలూ గిలకలూ ఏమీ అక్కర్లేదు, ట్రాలీ వెనకభాగాన్ని పొలం గట్టుకి ఆనిస్తే ఎద్దు తనంతట తనే నడిచి ఎక్కుతుంది. తెల్లారగట్ల ఐదున్నరకి చల్లగా ఉండగా బయల్దేరాం. నేను ముందు సీట్లో, బావ వెనకాల ఎద్దుకి కుడిపక్కన బస్తా మీద. మిషను సూదులెక్కే ఎడం చేత్తో బరువు పట్టకూడదు కాబట్టి పగ్గం కుడిచేత్తో పట్టుకున్నాడు.

"తాతా, ఇంత ముసిలెద్దు కోసం ఇంత కిరాయా?" అన్నాడు రమేష్ కంచిలి దాటాక.

"నీ పెళ్లికి ఎన్ని సంబంధాలు సూసినావురా?" అన్నాను.

"ఏడు."

"ఒక్కటైనా కుదిరిందా?"

"నేదు."

"మరి నోరుమూసుకుని నడుపు. మావోడికి ఈరోజు రెండే."

టోల్‌గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ బండి ఆపాడు. పశువుల బండిని ఆపుతారు, ఆపడమే మంచిది కూడా. ఎక్కడికని అడిగితే పెళ్లిచూపులకి సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. డాక్టరు కాగితం చూపిస్తే చదివి, వెనక్కి వెళ్లి ఎద్దుని, ఇసకని, తడికని చూసి, "నన్నెవడూ ఇంత బాగా తీసుకెళ్లలేదు, పోండి" అని వదిలేశాడు. ఏడున్నరకి పలాసలో టీ తాగాం. ఆ ఊళ్లో గాలికే జీడిపప్పు కాల్చిన వాసన ఉంటుంది. బావ గాలి పీల్చి ఊరుకున్నాడు. జీడిపప్పు తినకూడదు, కొబ్బరినీళ్లు తాగకూడదు, రోజుకి ఇంతే అని పారమ్మ కొలిచి ఇచ్చిన నీళ్ల సీసా తప్ప మరొకటి ముట్టకూడదు. జీడీ కొబ్బరీ పండించే రైతుకి దేవుడు పెట్టిన పరీక్ష అది. రమేష్ బకెట్టుతో నీళ్లు తెస్తే బుల్లోడు ఒక్క గుక్కలో తాగేశాడు. బావ దాని గొంతు కదలడమే చూస్తూ, "నా వాటా కూడా నువ్వే తాగరా" అన్నాడు.

అక్కడినుంచి హైవే మీద తిన్నగా టెక్కలి. తొమ్మిది కాకుండానే చేరాం. అందరూ గొప్పగా చెప్పిన గోశాల అది. పేరు రాయను, వాళ్లు చెడ్డవాళ్లు కాదు. రంగుల గేటు, స్పీకర్లో భజన, లోపల ఫ్యాన్లు, నేలంతా మెరిసే టైల్సు. మా ఇంట్లో కూడా అలాంటి నేల లేదు. తెల్లచొక్కా మేనేజరు ఎదురొచ్చి చేతిలో పులిహోర దొన్నె పెట్టాడు. ఆ క్షణంలోనే నాకు సంబంధం నచ్చేసింది. లోపల ఒక కుటుంబం పాప పుట్టినరోజని బేసిన్ల నిండా చక్రపొంగలి తెచ్చి ఆవుల ముందు పెడుతున్నారు. ఆవులు ఒకదాన్నొకటి తోసుకుని తింటున్నాయి. పాప చప్పట్లు కొడుతోంది, ఫొటోలు తీస్తున్నారు.

"రోజూ ఇలాగే పెడతారేటి బాబూ?" అన్నాను.

"రోజూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఉంటాది కదండీ" అన్నాడు మేనేజరు సంతోషంగా.

బావ మాత్రం చివరిదాకా నడిచాడు. అక్కడ ఒక ఆవు ఎడం డొక్క డప్పులా బిగిసిపోయి, మెడ చాచి రొప్పుతోంది. వండిన అన్నం ఎక్కువైతే పశువు కడుపు పులిసిపోతుందని పశువుల్ని పెంచిన ఎవరికైనా తెలుసు. కానీ పెట్టేవాళ్లు భక్తితో పెడతారు, వద్దని చెప్పడానికి మేనేజరుకి మొహమాటం. తాళ్లు పొట్టిగా కట్టారు, తలదించి పడుకోవడానికి వీల్లేకుండా. నేల కడిగిన తడి ఆరలేదు. "ఆణ్ని దింపు" అన్నాడు బావ. రమేష్ బండిని అరుగుకి ఆనించాడు. బుల్లోడు ముందుకాలు టైలు మీద పెట్టాడు. గిట్ట జర్రున జారింది. మోకాలి మీద పడబోయి, ఎలాగో నిలదొక్కుకుని, వెనక్కి వెళ్లి మళ్లీ బండిలోనే నిలబడ్డాడు. ఒళ్లంతా వణుకు.

"పెళ్లికొడుకు వద్దన్నాడు. పద" అన్నాడు బావ.

"ఒక్క కాలు జారినందుకే? ఫ్యానుందిరా బావా! నాకు సీటిత్తే నానుండిపోతాను."

"నీకు పులిహోర పెడితే శ్మశానంలో కూడా ఉండిపోతావు."

వెళ్లేముందు మేనేజరు, ఎప్పుడైనా చూడ్డానికి రావాలంటే ఆదివారం పొద్దున్న, అది కూడా ముందు ఫోన్ చేసి రమ్మన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఒక డబ్బా నిండా చక్రపొంగలి కూడా ఇచ్చాడు. అది నేను వదల్లేదు.

మళ్లీ పలాస వచ్చేసరికి పన్నెండు. నీడలో బండి ఆపి, ఎద్దుకి నీళ్లూ గడ్డీ పెట్టి, బస్టాండు దగ్గర మెస్సులో తిన్నాం. మనిషికి తొంభై. పప్పు బాగుంటుంది, చేప ముందే అయిపోతుంది. బావ పారమ్మ కట్టిచ్చిన చప్పిడి కూర తిన్నాడు. "ఇంకొక్కటే ఉంది బావా" అన్నాను. "అదీ కుదరకపోతే ఆణ్ని ఇంటికి తోలుకుపోతాను. ఆసుపత్రి సంగతి దేవుడెరుగు" అన్నాడు. రేపు పొద్దున్నే మిషను దగ్గరకి వెళ్లాల్సిన రోజు. ఆ మాట విన్నాక నాకు వేళాకోళం రాలేదు. నాకది రాకపోవడం అంటే జ్వరం వచ్చినట్టే.

కాశీబుగ్గ దాటి సముద్రంవైపు తిరిగితే ఉద్దానం మళ్లీ మొదలవుతుంది. వజ్రపుకొత్తూరు వెళ్లే రోడ్డు. ఈ దారిలో షేర్ ఆటోలు పలాస నుంచి దొరుకుతాయి, నలభై తీసుకుంటారు, సాయంత్రం ఐదు దాటితే తగ్గిపోతాయి. రెండుపక్కలా కొబ్బరి, దాని కింద జీడి, మధ్యలో పనసచెట్లు. తుఫానుకి తలలు తెగిన కొబ్బరిమానులు ఇంకా అక్కడక్కడా మొండిగా నిలబడే ఉన్నాయి, పక్కనే కొత్తమొక్కలు. నేల మెత్తటి ఇసక. గాలిలో ఉప్పు తగలగానే బుల్లోడు ముట్టె ఎత్తి వాసన చూశాడు. మూడు గంటలకి మేం వెతుకుతున్న షెల్టరు కనిపించింది. గేటంటే వెదురు దడి, కప్పంటే సగం రేకు, సగం కొబ్బరాకు. రంగుల్లేవు. లోపల ముసలి ఆవులు, మూడు కాళ్ల కుక్క, చాకిరీ మానిన ఒక గాడిద. నాకేమీ నచ్చలేదు. పెళ్లివారింట కుర్చీ కూడా వెయ్యలేదు.

ఆ చోటు చూసుకునేది సావిత్రి అనే ఆవిడ. యాభై ఏళ్లుంటాయి. చేతిలో పేడతట్టతో వచ్చి మొదట చూసింది మమ్మల్ని కాదు, నా చేతిలో డబ్బాని.

"అదేటి తాతా?"

"ప్రసాదం అమ్మా. చక్రపొంగలి. పశువులకి పెడదామని."

"గేటు బయట పెట్టండి. నేదంటే మీరు తినెయ్యండి. పశువు పొట్ట గడ్డికి పుట్టింది, పొంగలికి కాదు."

డెబ్బై ఏళ్లొచ్చాక నన్ను గేటు దగ్గర ఆపినవాళ్లు లేరు. కోపం వచ్చింది. గేటు బయట నిలబడి సగం డబ్బా తినేసరికి కొంచెం తగ్గింది. నేను లోపలికెళ్లేసరికి సావిత్రి బావని ప్రశ్నలతో ఊపిరాడనివ్వడం లేదు. ఏ పేరుతో పిలుస్తారు? పళ్లెలా ఉన్నాయి, గడ్డి నములుతాడా, తరిగి పెట్టాలా? ఉరుముకి బెదురుతాడా? కుక్కంటే పడుతుందా? టీకాలు వేయించారా? ఏ కాలు మీద బరువు వెయ్యడు? బావ ఒక్కోదానికీ జవాబు చెబుతుంటే మొహంలో రంగు తిరిగొస్తోంది. ఆ ఎద్దు గురించి అంతసేపు ఆయన్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు.

"పిల్లనిచ్చేవాళ్లు కూడా ఇన్ని అడగరమ్మా" అన్నాను.

"పిల్లకి బాగోపోతే పుట్టింటికి ఫోన్ సేత్తాది తాతా. ఇతనేటి సేత్తాడు?"

నేను తొట్టిలో చెయ్యిపెట్టి చూశాను. పాచి లేదు, నీళ్లు చల్లగా ఉన్నాయి. కింద పొడి ఇసక, పేడ ఎప్పటికప్పుడు ఎత్తేస్తున్నారు. తాళ్లు పొడుగ్గా ఉన్నాయి, కొన్నింటికి అసలు తాడే లేదు. బలం లేని ఆవులకి వేరేగా పెడుతున్నారు, బలమైనవి తోసెయ్యకుండా. జబ్బుపడ్డవాటికి అవతల పాక. డాక్టరు వారానికొకసారి వస్తాడు, పిలిస్తే మధ్యలోనూ వస్తాడు. ఎప్పుడు చూడ్డానికి రావచ్చని బావ అడిగితే, "సెప్పకుండా రండి. సెప్పి వత్తే ఏటి తెలుత్తాది?" అంది. రుసుము లేదు, కోతలయ్యాక చేతనైనంత ఎండుగడ్డి పంపితే చాలంది. బావ నావైపు చూసి తలూపాడు. పెళ్లి కుదిరినట్టే అనుకున్నాను.

కొత్తగా వచ్చిన పశువుని కొన్నాళ్లు మిగతావాటికి దూరంగా ఉంచుతారట, ఏదైనా జబ్బుంటే అంటకుండా. మంచి పద్ధతే. చివర ఒక చిన్న పాకలో బుల్లోడిని కట్టారు. ఒకపక్క గోడ, ఇంకోపక్క వెదురు దడి. ముందు తొట్టిలో పచ్చగడ్డి వేశారు. దూరంగా ఉండి చూడమంది సావిత్రి. బుల్లోడు గడ్డి వాసన చూశాడు. తినలేదు. తల కుడివైపు తిప్పాడు, కొమ్ము గోడకి టక్కున తగిలింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ టక్కు. అరగంట గడిచింది. నోట్లో ఒక్క పరక పెట్టలేదు. కళ్లవెంట నీళ్లు కారి ముట్టెమీద చారలు కట్టాయి.

"నాను సెప్పినాను కదా" అన్నాడు బావ. "నాను నేకపోతే తినడు. బండెక్కించండి."

"బావా, రేపు ఆసుపత్రి."

"ఎల్లను."

"నా సెల్లిలికి ఏటి సెప్పమంటావు?"

రమేష్ తాళంచెవి చేతిలో తిప్పుతూ నేలకేసి చూస్తున్నాడు. సావిత్రి బావ ఎడం చేతి మీద ఉబ్బిన నరాన్ని చూసింది, చూసి ఊరుకుంది. ఆ వాడలో అదేమిటో ఎవరూ అడగక్కర్లేదు.

నాకు వచ్చింది ఒకటే విద్య. ఏడ్చేవాణ్ని నవ్వించడం. తువ్వాలు మెడమీద కాడిలా వేసుకుని, పాకలోకి దూరి, గోడకీ ఎద్దుకీ మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. వంగి, మూపురానికి మూపురం ఆనించినట్టు భుజం దాని భుజానికి ఆనించి, "ఒరే బుల్లోడా, పెద్దోడొచ్చినాడు సూడు! కొంచెం సిక్కినాను అంతే!" అని ఎద్దులా బుస్సుమన్నాను. రమేష్ పగలబడి నవ్వాడు. బావ కూడా నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. బుల్లోడు నా చెవి దగ్గర వాసన చూశాడు. పొడుగ్గా ఊపిరి వదిలాడు. నా మీదకి కొంచెం ఒరిగి, తొట్టిలో మూతిపెట్టి, తినడం మొదలెట్టాడు.

పచ్చగడ్డి నమిలే చప్పుడొకటే. నేను మెల్లగా బయటికి వచ్చాను. ఎద్దు ఆగిపోయింది. మళ్లీ దూరాను. తింది.

"తాతా, నీకు ఉద్యోగం దొరికేసింది" అన్నాడు రమేష్.

బావ ఒక్కడే నవ్వలేదు. నేను నిలబడ్డ చోటుకేసి చూస్తున్నాడు. "ఎలపట" అన్నాడు తనలో తాను. తరవాత సావిత్రితో చెప్పాడు. "ఈడు దాపటెద్దు అమ్మా. పుట్టి కాడెక్కినకాడ్నించి కుడిపక్క పెద్దోడే. సాలలో నాను కూసునే బస్తా కూడా ఆ పక్కనే. బండిలోనూ ఆ పక్కనే. అయితే ఆడు నా కోసం తిననేదన్నమాట. ఆ పక్కన ఎవుడో ఒకడుంటే సాలన్నమాట."

ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకున్న గొప్ప అలా ఒక్క మాటతో పోయింది. వేళాకోళం ఏదైనా ఆడాలని నోరు దురదపెట్టింది. ఆపుకున్నాను. "పెద్దోడి సోటు కాళీగా ఉంటే నువ్వెళ్లి కూసున్నావు బావా. ఎవురూ సెప్పకుండానే కూసున్నావు. అది ఆడికి తెల్దేటి?" అన్నాను. బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

సావిత్రి అప్పటికే పనిలో పడింది. "ఇన్నేళ్లలో ఈ సంగతి మాకెవురూ సెప్పనేదు, నానూ అడగనేదు" అంటూ తొట్టిని పాక అవతలి కొసకి లాగించింది. ఎద్దు అటు తిరిగేసరికి గోడ ఎడంపక్కకి పోయి, వెదురు దడి కుడిపక్కకి వచ్చింది. దడికి అవతల ఎవరినైనా కట్టాలి. ఇంకో ఎద్దునో ఆవునో పెట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు, విడిగా ఉంచే రోజులు అయ్యేదాకా కుదరదంది. కాసేపు ఆలోచించి, డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడి, గాడిదని తోలుకొచ్చింది. పశువులకొచ్చే గాలికుంటు జబ్బు గాడిదకి అంటదట.

బావకి పౌరుషం వచ్చేసింది. "నా బుల్లోడికి గాడిద జతా!"

"సంబంధాలు దొరకని రోజులు బావా. రమేష్‌ని సూడు, అదీ దొరకనేదు."

"నన్నెందుకు తాతా మధ్యలో" అన్నాడు రమేష్.

గాడిద పేరు రాణి. చాకలి మూటలు మోసి మోసి నడుము వంగిపోయింది. వచ్చి దడి పక్కన నిలబడి, చెవులు వెనక్కి వేసి, బుల్లోడిని ఎగాదిగా చూసింది. బుల్లోడు కుడివైపు తల తిప్పాడు. గోడ తగల్లేదు. వెదుళ్ల సందులోంచి వెచ్చటి ఊపిరి తగిలింది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఉన్నారు. చివరికి రాణి సందులోంచి మూతి దూర్చి తొట్టిలోంచి ఒక గడ్డిపోచ దొంగిలించింది. బుల్లోడు దాన్ని చూశాడు. తరవాత, ఇంక ఆలస్యం చేస్తే ఏమీ మిగలదన్నట్టు, గబగబా తినడం మొదలెట్టాడు.

ఎండ తగ్గాక బయల్దేరాం. బావ పాకలోకి వెళ్లి దాని మెడమీద కాడి రాసుకుని కాయకాసిన చోట అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. ఎడంపక్కన నిలబడ్డాడు, కుడిపక్క వేరొకరిది కాబట్టి. బయటికొచ్చి సావిత్రితో, "గాడిదకి కూడా రెండు పోచలు ఎక్కువెయ్యమ్మా, నేపోతే ఈడిది తినేత్తాది" అన్నాడు. ఆవిడ నవ్వి, ఇకనుంచి ఎవరు ఎడ్లని తెచ్చినా ఎలపటో దాపటో ముందు అడుగుతానంది. కాశీబుగ్గలో గది దగ్గర రమేష్ మమ్మల్ని దింపాడు. ఆరోజే సామాన్లతో వచ్చేసిన పారమ్మ మెట్లమీద నిలబడి ఉంది. ఖాళీ ట్రాలీని చూసింది, బావ మొహం చూసింది, లోపలికెళ్లి అన్నం వడ్డించింది.

ముసలి పశువుకి ఏం కావాలని అడిగితే మనం తిండి, నీడ, వైద్యం అంటాం. అవన్నీ కావాలి, టెక్కలిలో నేను మురిసిపోయిన ఫ్యానుకన్నా పొడినేల, పొడుగుతాడు ముఖ్యం అని నాకూ ఇప్పుడు తెలిసింది. కానీ అవన్నీ ఉన్నా బుల్లోడు తినలేదు. జీవితమంతా ఒకపక్కన ఆనుకుని బతికిన ప్రాణికి ఆ పక్క ఖాళీ అయితే ఎదురుగా ఎంత గడ్డి ఉన్నా కనబడదు. మర్నాడు పొద్దున్న ఆసుపత్రికి బావతో నేనే వెళ్లాను. పారమ్మని నిద్రపొమ్మన్నాను. బావ మంచమెక్కి ఎడం చెయ్యి మిషనుకి ఇచ్చి, పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు. నేను కుర్చీ లాక్కుని కుడిపక్కన కూర్చున్నాను. "గాడిద" అన్నాడు కళ్లు మూసుకుని. నన్నే అన్నాడు. ఓండ్ర పెట్టబోతే నర్సు బయటికి గెంటుతానంది. పారమ్మ ఇచ్చిన డబ్బాలో ఇడ్లీ సగం తిన్నాడు, చాలా రోజుల తరవాత.

మీకొక్కటే సలహా. మీ పశువుని ఎవరికి అప్పగించినా పేరు, వయసు, టీకాలు చెప్పి ఊరుకోకండి. ఇన్నాళ్లూ దాని కుడిపక్కన ఎవరుండేవారో, ఎడంపక్కన ఎవరుండేవారో కూడా చెప్పి రండి. చెప్పకుండా వెళ్లి చూడండి కూడా. ఉత్తచేతులతోనే వెళ్లండి. పొంగలి తీసుకెళ్తే గేటు బయట నిలబడి మీరే తినాల్సి వస్తుంది.